అన్‌ఫిట్ కోసం ఉపవాసం

లోకంలో ఎక్కడైనా డాక్టరు "నీకేం రోగం లేదు, పో" అంటే మనిషి సంతోషంగా ఇంటికి పోతాడు. బెల్లంపల్లి పక్కనున్న ఆ బొగ్గుగనుల కాలనీలో మాత్రం లెక్క వేరు. అక్కడ ఆరోగ్యం బాగుందని తేలినవాడు మొహం వేలాడేసుకుని వస్తాడు. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇక పనికి రాడని కంపెనీ డాక్టర్లు రాసిచ్చినవాడేమో లడ్డూల డబ్బాతో రైలు దిగుతాడు. ఎందుకంటే గనిలో చేసే మనిషి రోగంతో పనికి రాకుండా పోతే అతని నౌకరి కొడుక్కి వస్తుంది. దాన్నే అక్కడ అందరూ అన్‌ఫిట్ కావడం అంటారు. పెళ్లి కుదిరిందన్నంత సంబరంగా అంటారు ఆ మాట.

ఆ పొద్దున మల్లక్క చేతిలో అట్లాంటి లడ్డూనే ఉంది. ఎదురు క్వార్టరు బాలలక్ష్మి తెచ్చి పెట్టింది. ఆమె మొగుడు ముందురోజే అన్‌ఫిట్ అయ్యాడు. మొన్నటిదాకా మార్కెట్ నుంచి బియ్యం మూట సైకిలు మీద పెట్టుకుని తొక్కుకుంటూ వచ్చిన మనిషి, ఇవాళ మంచం మీద అడ్డం పడుకుని వచ్చిపోయేవాళ్ల చేత పరామర్శ చేయించుకుంటున్నాడు, అదీ నవ్వుకుంటూ. మీకూ అవుతుంది, ఫికర్ చేయకని బాలలక్ష్మి ఓదార్చి పోయింది. అది ఓదార్పా, పుండు మీద కారమా అని మల్లక్కకు ఒళ్లు మండిపోయింది. లడ్డూను తినలేదు, పారెయ్యలేదు. గిన్నె కింద పెట్టి, చీమలు పడితే పడనీ అనుకుంది.

మండకేం చేస్తుంది? ఆమె మొగుడు గట్టయ్య ఆరు నెలల కింద అదే డాక్టర్ల బోర్డు ముందు నిలబడి "ఫిట్" అని రాయించుకుని వచ్చాడు. రిటైరు కావడానికి కనీసం రెండేళ్లు మిగిలి ఉండగానే అన్‌ఫిట్ కావాలి, ఆ తర్వాత అయినా కొడుక్కి నౌకరి రాదు. గట్టయ్యకు ఆ గడువు ఇంకా నాలుగు నెలలే ఉంది. వచ్చే నెలలో బోర్డు ముందుకు ఇంకొకసారి పిలుపు వచ్చింది. ఈసారి తప్పితే ఇక లేనట్టే.

మల్లక్కది మెట్‌పల్లి దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్లకు గట్టయ్య వెంట ఈ బొగ్గు దుమ్ములోకి వచ్చింది. అప్పుడు క్వార్టరు లేదు, బాయి పక్కన గుడిసె. బాయి అంటే ఇక్కడ నీళ్లది కాదు, బొగ్గు గనికే ఆ పేరు. పొద్దున దిగిన మనిషి పైకొచ్చి మొహం చూపించేదాకా ఇంట్లో ఆడదానికి ముద్ద దిగదు. అందుకే మల్లక్క ఎప్పుడూ ఏదో ఒకదాన్ని పట్టుకుని వేలాడుతూనే బతికింది. మొదట ఆయన మొలతాడుకు కట్టిన తాయెత్తును పట్టుకుంది. తర్వాత కంపెనీ క్వార్టరు ఇచ్చింది. రెండు గదులు, సిమెంటు గోడలు, పెరట్లో నల్లా. ఇక మనకేం ఢోకా లేదని ఆ గోడలను నిమురుకుంటూ తిరిగింది. ఢోకా ఉండేది గోడల దగ్గర కాదు, బాయిలో అని ఆ సంబరంలో మరిచిపోయింది.

కొడుకు రంజిత్ మూడో తరగతిలో ఉన్నప్పుడు బాయిలో పైకప్పు కూలింది. పొద్దున కూలితే సాయంత్రం దాకా లోపల ఎవరు బతికున్నారో, ఎవరు పోయారో చెప్పే నాథుడు లేడు. బాయి గేటు దగ్గర మట్టిలో కూలబడిన మల్లక్కకు ఏ దేవుడికి ఏం మొక్కాలో కూడా నోట రాలేదు. అప్పుడు దవాఖానా ఆయా సక్కుబాయి వచ్చి పక్కన కూర్చుంది. ఉట్నూర్ వైపు మనిషి, యేసును నమ్ముకున్నది. ఆమె పెద్ద ప్రార్థనేం చేయలేదు. మల్లక్క చెయ్యి పట్టుకుని, యేసయ్యా, ఈమె మొగుణ్ణి పైకి తీసుకురా అని అంతే అన్నది, అదే మాట సాయంత్రం దాకా అన్నది. దీపాలు పెట్టే వేళకు గట్టయ్యను స్ట్రెచర్ మీద తెచ్చారు. పక్కటెముకలు రెండు విరిగాయి, ఊపిరి ఉంది. చీకట్లో దుంగల కింద పడి ఉన్నప్పుడు నేను ఒక్కణ్ణే లేను, ఎవరో తోడున్నారు అని అతను చెప్పాడు. ఆ ఏడే ఇద్దరూ గోదావరిలో బాప్తిస్మం తీసుకున్నారు. ఏటా ఆ తారీఖున గట్టయ్య చర్చిలో లేచి ఇదే సాక్ష్యం చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా కళ్లు తుడుచుకునేవాడు.

అట్లాంటి ఇంట్లోకి ఈ నౌకరి ఆశ ఎప్పుడు దూరిందో, ఎట్లా నట్టింట్లో పీట వేసుకుని కూర్చుందో మల్లక్కకే తెలియదు. రంజిత్ ఐటీఐ చేసి మంచిర్యాలలో ఫ్రిజ్జులు, ఏసీలు రిపేరు చేసే షాపులో చేరాడు. చేతిలో పనితనం ఉన్నవాడు, ఎండాకాలం వస్తే అన్నం తినడానికి తీరిక ఉండేది కాదు. అంతలో డిపెండెంట్ నౌకరీలు ఇస్తున్నారన్న మాట కాలనీలో పాకింది. ఇంకేం, పని మానేసి ఇంటికొచ్చాడు. ఎట్లయినా కంపెనీల చేరేదే గదా, గీ ఏసీలు మోసుడెందుకు అన్నాడు. అట్లా ఇంట్లో కూర్చుని నాలుగేళ్లయింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఏ షిఫ్టు అడగాలో, ఏ బండి కొనాలో అన్నీ తేల్చుకున్నాడు. మెట్‌పల్లి నుంచి కావ్య అనే పిల్ల సంబంధం వచ్చింది, ఆ పిల్ల నచ్చింది కూడా. నౌకరి ఆర్డరు చేతికొచ్చాక మాట్లాడుకుందామని పిల్ల తండ్రి పోయాడు. ఆయనా తప్పేం అనలేదు, అందరూ అనేదే అన్నాడు.

కొడుకును అని ఏం లాభం, ఆ ఆశకు నీళ్లు పోసి పెంచింది మల్లక్కే. చర్చిలో గోడకు నల్లబోర్డు ఉంటుంది, ఎవరి ప్రార్థన మనవి వాళ్లు రాయించుకుంటారు. ఒకరికి సంతానం, ఒకరికి కాన్పు, ఒకరికి తాగుడు మానడం. "గట్టయ్య – అన్‌ఫిట్" అని రెండేళ్ల కింద రాయించింది ఆమే. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండేదీ ఆమే. పాస్టరు అయ్యగారు ఆ మనవి చదివితే యాభై మంది ఒక్కగొంతుతో ఆమెన్ అనేవాళ్లు. అందులో సగం మంది ఇళ్లలో అదే ఆశ ఉంది, అనకేం చేస్తారు.

హనుమండ్లు అని ఒకాయన ఉన్నాడు, రిటైరైనవాడు. బోర్డులో ఏ డాక్టరు ఏం అడుగుతాడో వేళ్ల మీద చెప్తాడు. పొద్దస్తమానం టీ కొట్టు ముందు కూర్చుని, ఎవరు ఎట్లా దగ్గాలో, ఎవరు ఎట్లా కుంటాలో నేర్పిస్తాడు. గట్టయ్య ఈ మధ్య డ్యూటీ దిగగానే అటే పోతున్నాడు. వచ్చాక రాత్రి ముద్దలో మామిడికాయ పచ్చడి రెండింతలు వేసుకుంటున్నాడు. బీపీ ఉన్న మనిషివి, గంత ఉప్పెందుకని మల్లక్క అడిగితే నోరు చప్పగా ఉందన్నాడు. ఆమె నమ్మింది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మొగుడు పచ్చడి దగ్గర అబద్ధం ఆడతాడని ఎవరనుకుంటారు?

రోజూ పొద్దున బీపీ గోలీ, షుగరు గోలీ నీళ్లతో సహా మల్లక్కే చేతికిచ్చేది. గట్టయ్య నోట్లో వేసుకుని, గుటక వేసినట్టు చేసి, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి పోయేవాడు. ఒకరోజు ఆమె పెరట్లో నీళ్లు పోయే మోరీ కడుగుతుంటే రాళ్ల సందులో తెల్లగా ఏవో కనిపించాయి. పుల్లతో తీసి చూసింది. సగం కరిగిన గోలీలు. ఒకటి కాదు రెండు కాదు.

చీపురు అక్కడే పడేసి లోపలికి వచ్చింది. గట్టయ్య అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. మెడ దగ్గర నరం ఉబ్బి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇన్ని రోజులు నిద్ర చాలక అనుకుంది పిచ్చిది.

"ఎన్నొద్దుల సంది ఉమ్మేస్తున్నవ్?" అని అడిగింది.

గట్టయ్య దువ్వెన ఆపలేదు. "పన్నెండు రోజులాయె. బోర్డు దాక అంతే. హనుమండ్లు చెప్పిండు, బీపీ జర ఎక్కుడుండాలె, లేకపోతే మల్ల ఫిట్ అని రాస్తరు."

"నరాలు చిట్లి సచ్చిపోతే?"

"సచ్చినా నౌకరి వస్తది," అన్నాడు గట్టయ్య.

అన్నం ఉడికిందా అని అడిగినంత మామూలుగా అన్నాడు. మల్లక్క గడప మీద కూర్చుండిపోయింది. అక్కణ్ణుంచే నోరు విప్పింది. అప్పుడిక ఆగలేదు. పందొమ్మిదేళ్ల కింద బాయి గేటు దగ్గర తను ఏడ్చిన ఏడుపు, పక్కటెముకలకు కట్టు కట్టుకుని ఇంట్లో పడున్న రోజులు, అన్నీ ఏకరువు పెట్టింది. చీకట్లో నీకు తోడున్న యేసయ్య వెలుతుర్లో ఉండడా, నీ కొడుకు సంగతి ఆయనకు తెలియదా అని నిలదీసింది.

గట్టయ్య ఆమె వైపు తిరిగాడు. కోపం లేదు అతని మొహంలో, అలసట ఉంది. "యేసయ్య నన్ను పైకి తెచ్చిండు, కాదన్ననా? పోరనికి నౌకరి ఇచ్చుడు మాత్రం కంపెనీ పని. దేని పని దానిదే. ముప్పై ఏండ్లు బొగ్గు తవ్వి వానికి ఏమిచ్చిన నేను? గిదొక్కటన్న ఇయ్యనియ్యి," అన్నాడు. సంచి భుజానికి తగిలించుకుని డ్యూటీకి పోయాడు.

దేని పని దానిదే అని తేల్చేశాడు. అదే ఆమెను ఎక్కువ చికాకు పెట్టింది. కొడుకుతో చెప్పుకుందామని చూసింది. రంజిత్ మంచం మీద పడుకుని ఫోను చూస్తున్నాడు. సంగతి విని లేచి కూర్చున్నాడు గానీ, అతని మొహంలో ఆశ్చర్యం కనిపించలేదు. ఇరవై రోజులదాకా ఏం కాదని హనుమండ్లు కాకా చెప్పాడన్నాడు. అంటే వీడికీ తెలుసు. ఇంట్లో ముగ్గురుంటే ఇద్దరు కలిసి ఒక ప్రాణాన్ని పణంగా పెట్టారు, మూడోది రోజూ గోలీలు అందించి మురిసిపోయింది. మల్లక్క ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు, గిన్నెలతో మాట్లాడింది, అవి గోడకు తగిలి సొట్టలు పడేలా.

శుక్రవారం వచ్చింది. అలవాటు ప్రకారం ఉపవాసం ఉంది, మధ్యాహ్నం బైబిలు ముందు మోకరించింది. రెండేళ్లుగా చేసిన ప్రార్థనే కాబట్టి నోరు దానంతట అదే సాగిపోయింది. యేసయ్యా, ఆయనకు అన్‌ఫిట్ కావాలె, డాక్టర్ల కండ్లకు రోగం కానరావాలె, బీపీ దిగొద్దు తండ్రీ, అని అంటూ అంటూ తన మాట తన చెవిన పడి చటుక్కున ఆగిపోయింది.

బీపీ దిగొద్దని అడిగింది. ఎవరిని? బండల కింద నుంచి ఆ మనిషిని ప్రాణాలతో పైకి తెచ్చి ఇచ్చినవాణ్ణి. ఇచ్చినదాన్ని పాడుచేసి మళ్లీ ఇమ్మని, అదీ తిండి మానుకుని కూర్చుని అడుగుతోంది. మోరీలో ఉమ్మినవాడికీ తనకూ ఏం తేడా ఉందని ఆమెకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. లేచి వంటింట్లోకి పోయి, మిగిలిన అన్నం కలుపుకుని తినేసింది. అట్లాంటి ఉపవాసం ఉంటే ఎంత, పోతే ఎంత?

సాయంత్రం చర్చికి పోయి, నల్లబోర్డు మీద మా మనవి తుడిచెయ్యండి అయ్యగారూ అంది. అయ్యగారు చదువుకున్నవాడు, మెత్తనివాడు. ఏమైందక్కా, విశ్వాసంలో బలహీనపడ్డారా అని అడిగాడు. గోలీల సంగతి చెప్పింది. ఆయన నుదురు రుద్దుకున్నాడు. అది తప్పే అన్నాడు. కానీ బోర్డుకు ఇంకా వారమే ఉంది, ఈ సమయంలో ఆయన మనసు కష్టపెట్టొద్దు, మనం ప్రార్థనలో పెడదాం, ప్రభువు చూసుకుంటాడు అన్నాడు. మల్లక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొన్నటిదాకా యాభై మందితో ఆమెన్ చెప్పించినవాడు, ఒక్క మాట గట్టిగా చెప్పలేకపోతున్నాడు. ఆయన సుద్దముక్క పట్టుకుని ఆలోచిస్తుంటే, ఆమే కొంగుతో ఆ వరుస తుడిచేసి వచ్చింది.

ఆ వారం రోజులూ ఇల్లు ఇల్లు కాదు. గోలీ చేతికిస్తే గట్టయ్య తీసుకోవడమే మానేశాడు, ఇప్పుడు దాచాల్సిన అవసరం లేదు కదా. అన్నంలో పొడి చేసి కలుపుదామనుకుంది. కానీ ఆ ఉపాయంతో తనకూ దొంగతనం అంటుతుందని మానుకుంది. చిన్నపిల్లవాణ్ణి బతిమాలినట్టు బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. ఆయన తలనొప్పితో గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఇంకా నాలుగు రోజులే, ఇంకా మూడు రోజులే అనేవాడు.

హనుమండ్లు ఒకరోజు ఇంటికే వచ్చాడు, ఈమెకు బుద్ధి చెప్పడానికి.

"గాలిల దీపం పెట్టి దేవుడా నీ మహిమ అంటే అయితదా వదినే? నౌకరి ఉంటే నీ కొడుక్కు పిల్లనిస్తరు. యేసయ్య ఉన్నడంటే ఇస్తరా?" అన్నాడు.

సూటిగా అడిగాడు, ఆమె దాచలేదు. ఇయ్యరు అనే అంది. టీ పోసి ఇచ్చి పంపింది. అతను పోయాక మాత్రం చాలాసేపు లోపల లోపల ఉడికింది. గాలిలో దీపం పెట్టింది తనా? మనిషి నరాల్లో నెత్తురు ఉడికించి దాని మీద నౌకరి వండుకుంటున్నవాళ్లా?

బోర్డు రోజు పొద్దున్నే ముగ్గురూ రైలెక్కారు. ఇంటి మనిషి ఒకరు వెంట ఉండాలి కాబట్టి మల్లక్క లోపలిదాకా పోవాలని రంజితే తేల్చాడు. అవ్వా, నువ్వేం మాట్లాడకు, ఏడుపు మొహం పెట్టుకుని నిలబడు చాలు అని రైల్లో పదిసార్లు చెప్పాడు. అబద్ధం ఆడను, నిజం చెప్పను, నోరు మూసుకుని నిలబడతానని మల్లక్క తనలో తాను ఒప్పందం చేసుకుంది. అట్లా అయితే ఎవరికీ చెడ్డ కానక్కరలేదని అనుకుంది.

పెద్దాసుపత్రి వరండాలో నలభై మంది దాకా ఉన్నారు. ఒకరు దగ్గు ప్రాక్టీసు చేస్తున్నారు, ఒకరు కర్ర ఏ చేతిలో పట్టుకోవాలో కొడుకును అడుగుతున్నారు. నిజంగా రోగం ఉన్నవాళ్లు మాత్రం గోడకు ఆనుకుని గమ్మున కూర్చున్నారు. మల్లక్క మొగుణ్ణి వాళ్ల పక్కన కూర్చోబెట్టింది. గట్టయ్య ఇప్పుడు వాళ్లలో ఒకడిలాగే ఉన్నాడు. నాటకం ఆడాల్సిన పని దాటిపోయింది.

లోపల డాక్టరమ్మ బీపీ చూసింది. మిషను తప్పేమో అని ఇంకొకటి తెప్పించి చూసింది. మూడోసారీ చూసి, రెండువందల పది మీద ఉందని పక్కనున్న డాక్టరుతో అంది. కాగితం ముందుకు లాక్కుని, మందులు రోజూ వేసుకుంటున్నారా అని అడిగింది.

"ఏసుకుంటున్న మేడమ్. ఏసుకున్నా తగ్గుతలేదు," అన్నాడు గట్టయ్య. హనుమండ్లు నేర్పిన మాట, అక్షరం పొల్లుపోలేదు.

డాక్టరమ్మ కలం కాగితం మీద ఆనించింది. రాసేముందు తలెత్తి మల్లక్క వైపు చూసింది. "నిజమేనా అమ్మా? ఇంట్లో మందులు ఇచ్చేది మీరే కదా?"

నోరు మూసుకుని నిలబడే ఒప్పందం ఆ ప్రశ్నతో చెల్లిపోయింది. అవును అన్న ఒక్క మాట చాలు. ఆ మాట వెనక నౌకరి ఉంది, పెళ్లి ఉంది, రెండు గదుల క్వార్టరు ఇంకో ముప్పై ఏళ్లు ఉంది. వరండాలో కొడుకు ఉన్నాడు. మల్లక్కకు అప్పుడు ఏ ధైర్యమూ రాలేదు, ఏ గొంతూ వినపడలేదు. మొగుడి మెడ మీద కొట్టుకుంటున్న నరం ఒక్కటే కనిపించింది.

"లేదమ్మా. ఇరవై రోజుల సంది ఒక్క గోలీ ఏసుకోలే. పోరని నౌకరి కోసం ఉమ్మేసిండు. ముందు ఆయనకు మందియ్యండి," అంది.

గట్టయ్య ఆమె వైపు తిరగలేదు. డాక్టరమ్మ కలం మూత పెట్టి, కోప్పడటానికి నోరు తెరిచి, మానుకుంది. ఇంకో నాలుగు రోజులు ఆగితే చెయ్యీ కాలూ పడిపోయేవని మాత్రం చెప్పి, అప్పటికప్పుడు వార్డులో పడుకోబెట్టింది. మూడో రోజుకు బీపీ దారికి వచ్చింది. మందులు వాడితే అదుపులో ఉండే బీపీ కాబట్టి బోర్డు "ఫిట్" అని రాసింది. మళ్లీ బోర్డు ముందుకు రావాలంటే ఆరు నెలలు ఆగాలి. గడువేమో మూడు నెలల్లో తీరిపోతుంది. ఇక చేసేదేం లేదు.

తిరుగు రైల్లో గట్టయ్య కిటికీ వైపు, రంజిత్ తలుపు దగ్గర. మల్లక్క మధ్యలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరో ఒకరు తనను తిడితే బాగుండుననుకుంది.

కాలనీకి వాళ్లకంటే ముందు కబురు చేరింది. కొడుకు నోటికాడి కూడు లాగేసిన తల్లి అని నల్లా దగ్గర అన్నారు. బాలలక్ష్మి వాకిట్లో ముగ్గు వేస్తూ మొహం తిప్పుకుంది. మెట్‌పల్లి నుంచి పిల్ల తండ్రి ఫోను చేసి, పిల్లకు ఇంకా చదువుకోవాలని ఉందట అని మర్యాదగా చెప్పాడు. ఆదివారం చర్చిలో అయ్యగారు సత్యం గురించి చక్కగా చెప్పారు, ఈమె పేరు మాత్రం ఎత్తలేదు. నల్లబోర్డు మీద ఆమె తుడిచిన చోట అప్పటికే ఇంకొకరి పేరు, పక్కన అదే మాట. మల్లక్క ఆమెన్‌లు అయిపోకముందే లేచి బయటికి వచ్చేసింది.

గట్టయ్య డ్యూటీలో చేరాడు. గోలీలు ఇస్తే మింగుతున్నాడు, నోరు తెరిచి చూపిస్తున్నాడు కూడా, అంతే. మాట లేదు. ఇంకా రెండేళ్ల పైచిలుకు ఆ బాయిలో దిగాలి అతను. అన్‌ఫిట్ అయ్యుంటే ఈపాటికి ఇంట్లో కూర్చునేవాడు. దింపింది తనేనని, రేపు లోపల ఏమైనా అయితే దానికీ తనే జవాబు చెప్పుకోవాలని మల్లక్కకు తెలుసు. అతను గేటు దాటేటప్పుడు ఆమె గుండె ఇదివరకటిలాగే కొట్టుకునేది. నిజం చెప్పిన మనిషికి మనశ్శాంతి దొరుకుతుందని ఎవరన్నారో గానీ, వాళ్లెవరూ బొగ్గుబాయి కాలనీలో కాపురం చేసి ఉండరు.

రంజిత్ రెండు రోజులు స్నేహితుడి దగ్గర ఉండి, శుక్రవారం సాయంత్రం వచ్చాడు. చెప్పులు విడవకుండా వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"నాలుగేండ్లు ఉత్తగ పాయె. ఇప్పుడు నాకేమున్నదవ్వా? చెప్పు, ఏమున్నది నాకు?" అన్నాడు. అరవలేదు, నిజంగానే అడిగాడు.

మల్లక్క మంట తగ్గించి కొడుకు వైపు తిరిగింది. ఇన్నాళ్లలో మొదటిసారి వాడి మీద కోపం రాలేదు. వాడికి ఈ దారి చూపించింది తనే.

"చేతిల పనున్నది, తండ్రి ఉన్నడు. పిల్లనిస్తరో లేదో నాకు తెల్వది. ఏమైతదో గూడ తెల్వది. నీకు చెప్పకుంట ఇన్నేండ్లు ఒక తప్పు చేసిన బిడ్డా. యేసయ్యను నమ్మినం అన్న గని, నౌకరి మీద కూసోని అన్న. కింద నౌకరి ఉన్నదని ధీమా. గా ధీమా పోయినంక ఇప్పుడు కాళ్లు వణుకుతున్నయ్," అంది.

రంజిత్ చెప్పులు విడిచి లోపలి గదిలోకి పోయాడు. ఆ గదిలోనే గట్టయ్య గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, మెలకువగానే ఉన్నాడు.

మల్లక్క పొయ్యి ఆపి, అక్కడే వంటింట్లో నేల మీద మోకరించింది. ఆ రోజు ఉపవాసం లేదు, మధ్యాహ్నం తిన్నది. భక్తిగా మాటలు కూర్చే ఓపిక కూడా లేదు. లోపల గదిలోకి వినపడేంత గట్టిగానే అంది.

"యేసయ్యా, నువ్వు అడిగినవని నిజం చెప్పలే, నాకు భయమై చెప్పిన. ఊరంత తిడుతున్నది. ఇంట్ల ఇద్దరు మాట్లాడుతలేరు. నాకు కోపంగ ఉన్నది, నీ మీద గూడ ఉన్నది. అయినా నిన్ను కాక ఎవరిని అడగాలె? రేపు పొద్దుగాల ఆయన బాయిల దిగుతడు. తోడుండు. పోరడు పనికి పోవాలె. వానికీ తోడుండు. ఇంకేం అడగ. నీ తోడు ఒక్కటి తక్కువైతే మాత్రం నా దగ్గర ఇంకేం లేదు."

ఆ ఇంట్లో ప్రార్థన ఎవరు చేసినా చివర్లో గట్టయ్య ఆమెన్ అంటాడు, పందొమ్మిదేళ్ల అలవాటు. మల్లక్క మోకాళ్ల మీదే ఉండి కాసేపు చూసింది. గదిలో మంచం ఒకసారి కిర్రుమంది, మాట మాత్రం రాలేదు. చివరికి ఆమెన్ కూడా తనే అని, లేచి ఆయనకు రేపటి డ్యూటీకి టిఫిన్ గిన్నె కడగడానికి పోయింది.